బుడమేరు నుంచి కొల్లేరు దాకా: ఎత్తుల గ్రిడ్‌ను మోడల్‌లోకి తేవడం, బయటికి పంపడం

అందరికీ నమస్కారం. మీలో సగం మందికి పైగా బుడమేరునే ప్రాజెక్టుగా తీసుకున్నారని మీ సార్ చెప్పారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లలోకి ఎంత నీళ్లు వచ్చాయో అందరం చూశాం. ఆ వరదను కంప్యూటర్‌లో మళ్లీ నడిపించి, నీళ్లు ఏ దారిన వచ్చాయో, ఎక్కడ ఆగాయో తెలుసుకోవాలనుకోవడం మంచి ఆలోచన. దానికి హెక్‌రాస్ అనే వరద మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే. కానీ ఈరోజు నేను హెక్‌రాస్ నేర్పడానికి రాలేదు. దానికి ముందు జరిగే పని గురించి మాట్లాడతాను. నేల ఎత్తుల గ్రిడ్‌ను సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకురావడం, పని అయ్యాక మళ్లీ బయటికి పంపడం. ఈ పని తప్పితే ఆ తర్వాత నడిపే సమీకరణాలన్నీ తప్పుడు నేల మీదే నడుస్తాయి. పైగా సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ మెసేజీ ఇవ్వదు. రంగురంగుల మ్యాపు చక్కగా వచ్చేస్తుంది.

ముందు గ్రిడ్ అంటే ఏమిటో ఒకసారి కళ్లారా చూద్దాం. డెమ్, అంటే నేల ఎత్తుల ఫైలు ఒకదాన్ని ఆస్కీ గ్రిడ్‌గా, అంటే మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి ఆరు వరుసల్లో ఉండేవి ఇవి: ఎన్ని నిలువు వరుసలు, ఎన్ని అడ్డ వరుసలు, ఎడమ కింది మూల ఎక్స్ ఎంత, వై ఎంత, గడి సైజు ఎంత, విలువ లేని చోట ఏ అంకె వేశారు. ఆ తర్వాత ఇక అన్నీ అంకెలే. 12, 12, 13, 11... ఆ 12 మీటర్లా అడుగులా, సముద్ర మట్టం నుంచా ఇంకెక్కడి నుంచా, ఏ సంవత్సరపు నేల, ఇవేవీ అందులో లేవు. ఏ ప్రొజెక్షనో, అంటే గుండ్రటి భూమిని ఏ పద్ధతిలో చదునైన మ్యాపుగా మార్చారో కూడా ఉండదు. అది పక్కనే ఉండే చిన్న పీఆర్‌జే ఫైల్లో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసేటప్పుడు ఆ చిన్న ఫైలునే వదిలేస్తారు.

ఇంకో సంగతి గమనించండి. హెడర్‌లో చెప్పేది కింది మూల గురించి. అంకెలు మొదలయ్యేది మాత్రం పై నుంచి, అంటే వాయవ్య మూల నుంచి. మొదటి వరుస ఉత్తరపు అంచు, చివరి వరుస దక్షిణపు అంచు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎగుమతి దగ్గర దీంతో పని పడుతుంది.

ఇప్పుడు మన కేసు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడను ఆనుకుని పారి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతాయి. ఇంత ప్రాంతానికి ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో అందరికీ తెలిసింది ఎస్‌ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. రెండో యాంటెన్నా కోసం 60 మీటర్ల పొడవైన స్తంభాన్ని అంతరిక్షంలోకి చాచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా ఉన్న నేలంతా ఆ ఒక్క యాత్రలో కవర్ అయింది. ఆ డేటా ఒక్కో డిగ్రీకి ఒక్కో పలకగా వస్తుంది. ఫైలు పేరే దాని నైరుతి మూల. విజయవాడ ఎన్16ఈ080లో పడుతుంది, కొల్లేరు ఎన్16ఈ081లో పడుతుంది. అంటే బుడమేరు మోడల్‌కి రెండు పలకలు కావాలి.

ఈ పలకలు వచ్చేది హెచ్‌జీటీ అనే ఫైల్లో. అందులో హెడరే లేదు. 3601 అడ్డ వరుసలు, 3601 నిలువు వరుసలు, ఒక్కో ఎత్తుకు రెండు బైట్లు. మొత్తం 2,59,34,402 బైట్లు. డౌన్‌లోడ్ అయ్యాక ఫైలు సైజు ఇంతే ఉందో లేదో చూడండి, తక్కువ ఉంటే మధ్యలో తెగిపోయిందని అర్థం. ఇక ఆ రెండు బైట్లలో పెద్ద స్థానం బైటు ముందు వస్తుంది. మన ల్యాప్‌టాప్‌లు చిన్న స్థానం బైటు ముందు అనుకుని చదువుతాయి. క్యూజీఐఎస్, జీడాల్ లాంటి మ్యాపు సాఫ్ట్‌వేర్లు ఈ ఫార్మాట్‌ను గుర్తుపట్టి సరిగ్గానే చదువుతాయి. కానీ మీరే పైథాన్‌లో రాసుకున్నా, వేరే సాఫ్ట్‌వేర్‌లోకి 'రా' ఫైలుగా తీసుకున్నా ఇక్కడ తిరగబడే అవకాశం ఉంది. తిరగబడితే ఎలా ఉంటుందో చెబుతాను. 1 మీటరు ఎత్తున్న పొలం 256 మీటర్లవుతుంది. 2 మీటర్లది 512 అవుతుంది. 12 మీటర్లది 3072 అవుతుంది. ఇదైతే చూడగానే పట్టేస్తాం, కొల్లేరు పక్కన హిమాలయాలు లేవు కదా. అసలు డేంజర్ ఖాళీ గడులది. డేటా లేని చోట ఇందులో మైనస్ 32768 వేస్తారు. అది తిరగబడితే సరిగ్గా 128 అవుతుంది. 128 మీటర్లంటే మైలవరం వైపు నిజంగానే ఉండే కొండ ఎత్తు. ఎవరికీ అనుమానం రాదు.

రెండు పలకలను కలిపే చోటికి వద్దాం. వీటి మధ్య గీత 81 డిగ్రీల రేఖాంశం. ఆ గీత మీది నిలువు వరుస రెండు ఫైళ్లలోనూ ఉంటుంది. అందుకే కలిపాక 7201 నిలువు వరుసలు రావాలి. 7202 వచ్చిందంటే ఒక వరుస రెండుసార్లు పడింది, తూర్పు పలక మొత్తం ఒక గడి పక్కకు జరిగింది. కలపడానికి ముందు ఒక్క నిమిషం కూడిక వేసుకుంటే ఇది తెలిసిపోతుంది.

ఈ డేటా డిగ్రీల్లో ఉంది, ఎత్తులేమో మీటర్లలో. అలాగే పెట్టి వాలు లెక్క కట్టమంటే సాఫ్ట్‌వేర్ గడి వెడల్పును 0.000278గా తీసుకుంటుంది. ఎత్తు తేడా 1 మీటరున్నా అది నిట్టనిలువు గోడ అయిపోతుంది. వాలు మ్యాపు నిండా 89 డిగ్రీలు కనిపిస్తే కారణం ఇదే. కాబట్టి ముందు యూటీఎంలోకి, అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లోకి మార్చాలి. ఏ జోన్‌లోకి? తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం జోన్ 44. కానీ అందరూ 44 అనుకుని కళ్లు మూసుకుని వేయకండి. 78 డిగ్రీలకు పడమర ఉన్న అనంతపురం, ఆదోని జోన్ 43లో ఉంటాయి. 84 డిగ్రీలు దాటిన పలాస, ఇచ్ఛాపురం జోన్ 45లోకి వెళ్తాయి. ఒక్క ఆంధ్రప్రదేశే మూడు జోన్లలో పరుచుకుని ఉంది.

మన అదృష్టం, జోన్ 44 మధ్య రేఖ సరిగ్గా ఆ 81 డిగ్రీలే. అంటే ఇందాకటి అతుకు గీత యూటీఎంలో ఈస్టింగ్, అంటే తూర్పు వైపు కొలత, 5,00,000 మీటర్ల మీద పడాలి. దీన్ని మించిన పరీక్ష లేదు. మార్చాక ఆ గీత మీద 16.5 డిగ్రీల అక్షాంశం దగ్గర మౌస్ పెట్టండి. ఈస్టింగ్ ఐదు లక్షలు, ఉత్తరం వైపు కొలత అయిన నార్తింగ్ దాదాపు 18 లక్షల 24 వేలు చూపించాలి. చూపించకపోతే అక్కడే ఆగండి, ముందుకు వెళ్లకండి.

యూటీఎంలోకి మార్చేటప్పుడు గడి సైజు అడుగుతుంది. ఎస్‌ఆర్‌టీఎం గడి ఒక్క ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. మన అక్షాంశం దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా సుమారు 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 29.7. గడి అసలు చతురస్రమే కాదు. 30 మీటర్ల చతురస్రాలు కావాలంటే కొత్త విలువలు లెక్కగట్టాల్సిందే. దీన్నే రీశాంప్లింగ్ అంటాం. నేల ఎత్తులకు బైలీనియర్, అంటే చుట్టూ ఉన్న నాలుగు గడుల నుంచి సగటు తీసే పద్ధతి పెట్టుకోండి. దగ్గరి గడి విలువనే ఎత్తి పెట్టే పద్ధతి భూ వినియోగం మ్యాపులకు బాగుంటుంది. ఎత్తులకు వాడితే మెట్లు మెట్లుగా వస్తుంది.

కానీ బైలీనియర్ పెట్టే ముందు ఖాళీ గడుల సంగతి తేల్చుకోవాలి. ఖాళీకి మైనస్ 32768 బదులు మైనస్ 9999 వేసే గ్రిడ్లూ ఉంటాయి. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేదనుకోండి. పక్కపక్కన మూడు గడులు 12, నాలుగోది మైనస్ 9999. సగటు తీస్తే మైనస్ 2490.75. అంటే ఆ చోట రెండున్నర కిలోమీటర్ల లోతు గొయ్యి. ఇక ఆ అంకె మైనస్ 9999 కూడా కాదు కాబట్టి, తర్వాత ఖాళీ అని చెప్పినా సాఫ్ట్‌వేర్ నమ్మదు. బుడమేరు నీళ్లన్నీ అందులోకి పోతాయి, సింగ్‌నగర్ పొడిగా ఉంటుంది. అందుకే ఏ గ్రిడ్ తెరిచినా మొదట దాని కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి. రంగులు తర్వాత చూడొచ్చు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్న విషయం. ఎత్తు ఎక్కడి నుంచి?

మన దేశానికి మనదే అయిన డెమ్ ఉంది, కార్టోడెమ్. 2005 మే 5న ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 ముందుకొకటి, వెనక్కొకటి చూసే రెండు కెమెరాలతో 2.5 మీటర్ల స్పష్టతతో తీసిన జంట చిత్రాల నుంచి దాన్ని తయారు చేశారు. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తప్పకుండా వాడండి. కానీ దాన్ని తెరిచి కొల్లేరు మీద మౌస్ పెడితే మైనస్ అరవైలు, డెబ్బైలు కనిపిస్తాయి. ఫైలు పాడైందని కొందరు పారేస్తారు. పాడవలేదు. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 అనే జియాయిడ్ నుంచి కొలిచినవి, అంటే దాదాపు సముద్ర మట్టం నుంచి. కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి, అంటే భూమికి గణితంగా గీసిన నున్నటి అండాకారం నుంచి. హిందూ మహాసముద్రంలో శ్రీలంకకు దక్షిణంగా భూమి గురుత్వాకర్షణ బాగా తక్కువ ఉన్న చోటు ఉంది. అక్కడ సముద్ర మట్టం ఆ ఎలిప్సాయిడ్ కన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది. దాని ప్రభావం మన దాకా వస్తుంది. హైదరాబాద్ దగ్గర ఆ తేడా సుమారు 75 మీటర్లు. కొలతల ప్రపంచంలో మనం ఉన్నది మామూలు చోటు కాదు.

యూరప్‌లోనో అమెరికాలోనో తయారైన వీడియో పాఠం చూసి నేర్చుకుంటే అక్కడి తేడా వేరు, మన తేడా వేరు. అక్కడ గుర్తు కూడా మారుతుంది, చాలా చోట్ల యూరప్‌లో జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కి పైన ఉంటుంది. వాళ్ల సంఖ్యను తెచ్చి ఇక్కడ కలపడం, తీసేయడం చేయకండి.

ఇక ఒక పలక ఎస్‌ఆర్‌టీఎం, పక్క పలక కార్టోడెమ్ కలిపారనుకోండి. అతుకు దగ్గర డెబ్బై మీటర్ల ప్రమాణంలో కొండ చరియ వస్తుంది. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి పర్లేదు. కనిపించని తప్పు ఇంకోటుంది. నేల మొత్తం కార్టోడెమ్ నుంచి తీసుకుని, ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర సముద్ర మట్టం సున్నా అని మోడల్‌కి చెప్పడం. అప్పుడు డెల్టా అంతా సముద్రానికి అరవై డెబ్బై మీటర్ల కింద ఉన్నట్టు. మొదటి నిమిషంలోనే అంతా మునిగిపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మన రైల్వే స్టేషన్ల పసుపు బోర్డులు చూడండి. ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే లైను మీద మీ మోడల్ ప్రాంతంలోని రెండు మూడు స్టేషన్ల బోర్డులు ఫోటో తీసుకురండి. గ్రిడ్‌లో ఆ స్టేషన్ల దగ్గర విలువ చూడండి. రైలు కట్ట ఎత్తు, స్టేషన్ కప్పు, డెమ్ పొరపాటు అన్నీ కలిసి నాలుగైదు మీటర్లు తేడా ఉన్నా అర్థం చేసుకోవచ్చు. డెబ్బై ఉంటే మాత్రం సున్నా ఎక్కడుందో మీకు తెలిసిపోయింది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఎత్తు కొలిచి పెట్టిన గుర్తులు, బెంచ్‌మార్కులున్నాయి. మన దేశపు సున్నాను 1909లో తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి కొలిచిన ఆటుపోట్ల లెక్కల మీద నిలబెట్టారు. అందులో విశాఖపట్నం ఒకటి.

అడుగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన నదుల భాష ఇప్పటికీ అడుగులే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులకు వెళ్లింది. ఈ అంకెలు టీవీలో విని 3.28తో భాగించి డెమ్‌తో పోల్చకూడదు. అవి అక్కడి గేజీ సున్నా నుంచి కొలిచిన అడుగులు, సముద్ర మట్టం నుంచి కాదు. గేజీ సున్నా సముద్ర మట్టానికి ఎంత పైన ఉందో తెలుసుకుని కలిపితేనే పోలిక.

(సభలో ఒక విద్యార్థిని: సార్, కొల్లేరు ప్లస్ ఫైవ్ కాంటూర్‌ను ఎస్‌ఆర్‌టీఎంతో గీయొచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా. తెలియనివాళ్ల కోసం: 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు ప్లస్ ఐదు కాంటూర్ దాకా అన్నారు. కాంటూర్ అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. ఐదు మీటర్లు కాదు, ఐదు అడుగులు. అంటే 1.52 మీటర్లు. ఎస్‌ఆర్‌టీఎం హెచ్‌జీటీ ఫైల్లో 1 ఉంటుంది, 2 ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. 1.52 దగ్గర గీత గీయమంటే సాఫ్ట్‌వేర్ గీస్తుంది. 1కి 2కి మధ్య ఎక్కడో అంచనా వేసి గీస్తుంది. అది చూడ్డానికి చక్కగా వంపులు తిరిగి ఉంటుంది కూడా. కానీ ఆ మిషన్‌కి పెట్టుకున్న నిలువు ఖచ్చితత్వపు లక్ష్యం 16 మీటర్లు. చదునైన నేల మీద అంతకన్నా చాలా బాగా వచ్చింది, అయినా పొరపాటు మీటర్లలోనే ఉంటుంది. మీరడిగే తేడా అర మీటరుది. ఇంకోటి, రాడార్ చూసింది 2000 ఫిబ్రవరి నాటి కొల్లేరును. అప్పటికి చేపల చెరువుల గట్లు ఉన్నాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరులో ఎన్నో గట్లు కొట్టేశారు. నీటి మీద రాడార్ సరిగ్గా పనిచేయదు కాబట్టి చెరువుల విలువలను తర్వాత చదును చేశారు. ఆ గ్రిడ్ నుంచి గీసిన ప్లస్ ఐదు గీత మీద ఎవరి పొలం లోపల, ఎవరిది బయట అని మాట్లాడటం అన్యాయం. జీవనాధారం పోయే కుటుంబాలుంటాయి, పక్షులకు నిలవ నీడ లేకుండా పోతుంది. అలాంటి గీతకు నేల మీద లెవెలింగ్ సర్వే గానీ, లేజర్‌తో ఎత్తులు కొలిచే లైడార్ గానీ ఉండాల్సిందే.

గ్రిడ్‌ను దశాంశాల్లోకి మార్చినంత మాత్రాన ఖచ్చితత్వం పెరగదు, అదీ గమనించండి. 12 ఉన్నది 12.000000 అవుతుంది, అంతే. కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ మొదటి నుంచీ దశాంశాల్లోనే వస్తుంది, చదునైన డెల్టాకు మెట్లు తక్కువ. దాని సున్నా ఈజీఎం2008. కానీ అందులోనూ ఉన్నది పైకప్పుల ఎత్తు. కోనసీమలో కొబ్బరి తోటల తలలనే నేల అనుకుంటుంది. చెట్లు, ఇళ్లు తీసేసే ప్రయత్నం చేసిన ఫాబ్‌డెమ్ అని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లది ఉంది, డెల్టా వరదలకు దాన్నీ పోల్చి చూడండి.

హెక్‌రాస్‌లోకి తెచ్చేటప్పుడు మూడు మాటలు చాలు. హెక్‌రాస్‌లోని మ్యాపు భాగం రాస్ మ్యాపర్‌లో ముందు ప్రొజెక్షన్ పెట్టి, తర్వాతే టెరైన్, అంటే నేల ఎత్తులు తీసుకోండి. ఒకటి కన్నా ఎక్కువ గ్రిడ్లు ఇస్తే జాబితాలో పైనున్నదానికే ప్రాధాన్యం, కాబట్టి డ్రోన్ సర్వే పైన, ఎస్‌ఆర్‌టీఎం కింద ఉండాలి. ఎత్తులను ఎంత సూక్ష్మంగా ఉంచాలో చెప్పే రౌండింగ్ అని ఒక ఎంపిక ఉంటుంది, అది ఎంత ఉందో చూసుకోండి. రాస్ మ్యాపర్ మీ ఫైలును జియోటిఫ్ అనే ఫార్మాట్‌లో కొత్త ఫైలుగా రాసుకుంటుంది. ఇక నుంచి మోడల్ చదివేది దాన్నే, మీ అసలు ఫైలును కాదు. మీరు అసలు ఫైల్లో ఏదైనా సరిదిద్దితే టెరైన్ మళ్లీ చేయాలి. వెలగలేరు నుంచి కృష్ణలోకి నీటిని మళ్లించే కాలువ గట్టు 30 మీటర్ల గడిలో కనిపించదు. 2024లో తెగింది ఆ గట్లే. అక్కడ సర్వే చేసిన గట్టు ఎత్తును గీతగా ఇచ్చి టెరైన్‌ను సవరించుకోవాల్సిందే.

ఇక ఎగుమతి. ఫలితాన్ని వేరే వాళ్లకు ఇవ్వాలి. క్యూజీఐఎస్‌లో సేవ్ చేసేటప్పుడు రెండు దారులు చూపిస్తుంది, ముడి డేటా ఒకటి, రంగులు వేసిన చిత్రం ఒకటి. రెండోది ఎంచుకుంటే ఎత్తులు పోయి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మిగులుతాయి. దాన్ని అందుకున్నవాళ్లు 0 నుంచి 255 దాకా అంకెలు చూసి అవే మీటర్లనుకుంటారు. ఎప్పుడూ ముడి డేటానే పంపండి. జేపెగ్ కుదింపు వద్దు, డిఫ్లేట్ లాంటి నష్టం లేని కుదింపు పెట్టండి.

అవతలివాళ్లు సర్ఫర్ అనే గ్రిడ్ సాఫ్ట్‌వేర్ వాడతారా? ఇందాక గుర్తు పెట్టుకోమన్న సంగతి ఇప్పుడు వాడుకోండి. సర్ఫర్ ఆస్కీ గ్రిడ్ డీఎస్‌ఏఏ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది. అందులో వరుసలు దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తాయి. ఇందాక నోట్‌ప్యాడ్‌లో చూసిన ఎస్రీ ఆస్కీలో ఉత్తరం నుంచి దక్షిణానికి. హెడర్ మార్చి అంకెలను అలాగే అతికిస్తే మైలవరం కొండలు సముద్రం వైపు, సముద్రం కొండల వైపు వస్తాయి. ఎస్రీ వాళ్లు గడి మూలను చెబుతారు, సర్ఫర్ బిందువు స్థానాన్ని చెబుతుంది. కాబట్టి సగం గడి కలపాలి, మన 30 మీటర్ల గ్రిడ్‌లో 15 మీటర్లు. సర్ఫర్‌లో ఖాళీకి గుర్తు మైనస్ 9999 కాదు, 1.70141ని పది ఘాతం 38తో గుణిస్తే వచ్చే సంఖ్య. ఇవన్నీ చేత్తో చేయకండి, జీడాల్‌తో మార్పించండి. మార్చాక మాత్రం ఆ స్టేషన్ల దగ్గరే విలువలు మళ్లీ చూడండి.

ఆస్కీ ఫైలు మనిషి చదవగలడు, అదే దాని గొప్ప. కానీ ఒక్క పలకలో కోటి 29 లక్షలకు పైగా అంకెలుంటాయి, దశాంశాలతో రాస్తే ఫైలు అసలుదానికి మూడు నాలుగు రెట్లవుతుంది. పంపుకోవడానికి జియోటిఫ్ మేలు. ప్రొజెక్షన్, ఖాళీ గుర్తు ఫైల్లోనే ఉంటాయి. నిలువు సున్నా మాత్రం చాలా ఫైళ్లలో ఉండదు. దాన్ని మీరే ఒక టెక్స్ట్ ఫైల్లో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసి పక్కన పెట్టండి: ఏ డెమ్, ఏ సంవత్సరపు కొలత, ఎత్తు ఎక్కడి నుంచి, యూనిట్ ఏమిటి, ఏ జోన్, ఏ రీశాంప్లింగ్, ఎక్కడెక్కడ చేత్తో సవరించారు.

(మరో విద్యార్థి: అవతలివాళ్లు పంపిన ఫైల్లో ఇవేవీ లేకపోతే ఏం చేయాలి సార్?)

ఫోన్ చేసి అడుగు బాబూ. దొరక్కపోతే కనిష్ఠం, గరిష్ఠం చూడు, తీరంలో తెలిసిన చోట మైనస్ డెబ్బై ఉందా సున్నా ఉందా చూడు, స్టేషన్ బోర్డులతో పోల్చు. అన్నీ పూర్ణాంకాలేనా చూడు. సగం సంగతులు అంకెలే చెబుతాయి. మిగతా సగం తేలకపోతే ఆ గ్రిడ్‌ను ఎవరి ఇంటి మీదా నిర్ణయం తీసుకునే మోడల్‌లో పెట్టకు.

ల్యాబ్‌లో రెండు పలకలూ కాపీ చేసి ఉంచారు. ముందు కలపండి, 7201 వచ్చిందో లేదో నాకు చూపించండి, తర్వాత ఐదు లక్షల ఈస్టింగ్ దగ్గర కలుద్దాం.